ఎనిమిది రేకులు, విప్పని చీటీలు

నా చిన్నప్పుడు హోసూరులో మా మామకు చిన్న రంగుల కార్ఖానా ఉండేది. ఇనుప గేట్లకు వేసే రంగు చేసేవారు. ఒక ఏడాది, ఎండకు రంగు పొరలుగా లేచిపోతోందని ఊత్తంగరై దాకా దుకాణాలవాళ్ళు డబ్బాలు వెనక్కి పంపారు.

లోపం తేల్చడానికి మామ ఎనిమిది ఇనుప రేకులకు రంగు వేయించాడు. జిగురు ఎక్కువా తక్కువా, త్వరగా ఆరేలా చేసే మందు ఎక్కువా తక్కువా, నూరింది పాత పనివాడా, అక్కడే పనిచేసే మా పక్కింటి అక్కా. మూడు అనుమానాలు, రెండేసి రకాలు. ఏ కలయికా వదలకుండా ఎనిమిది. మొదటి నాలుగు పాతాయన నూరినవి, తర్వాతి నాలుగు అక్కవి. మిద్దె మీద ఏ రేకు ఎక్కడ కట్టాలో అంకెల చీటీలు తీసి చూడమని ఒక డబ్బా నాకు అప్పగించి, మామ బర్గూరు వెళ్ళాడు.

నాకు వరుస అంటే ప్రాణం. చీటీలు తీస్తే మూడు పక్కన ఏడు, ఏడు పక్కన ఒకటి వస్తాయి. చీటీల డబ్బా మూత తీయకుండానే ఒకటి నుంచి ఎనిమిది దాకా చక్కగా కట్టేశాను.

ఎండాకాలం ముగిసేసరికి మొదటి నాలుగూ నున్నగా ఉన్నాయి. అక్కవి నాలుగూ పెచ్చులు లేచాయి.

"నీ చెయ్యే సరిలేదమ్మా. రేపట్నించి రావద్దు," అన్నాడు మామ, అందరి ముందర.

"పదేండ్లుగా ఇదే చెయ్యి కదన్నా," అంది అక్క.

పాతాయన నవ్వాడు. "రేకు అబద్ధం చెప్తాదా అమ్మా?"

కొన్నాళ్ళకు పాతాయన నూరిన రంగు కూడా లేచిపోతోందని ఫిర్యాదు వచ్చింది. మామ నన్ను మిద్దె మీదికి పిలిచాడు. నీళ్ళ ట్యాంకు నీడ మొదటి నాలుగు రేకుల మీదే పడి ఉంది. రోజులో సగం ఎండ వాటికి తగలనే లేదు.

"చీటీలు యాడరా?"

మడత విప్పని ఎనిమిదీ డబ్బాలోనే ఉన్నాయి.

కొడతాడనుకున్నాను. చెయ్యి పట్టుకొని అక్క ఇంటికి తీసుకుపోయాడు. ఆమె నా దోసిట్లో ఉడికిన శనక్కాయలు పోసి, "మళ్ళా పనికి రమ్మనేకి వచ్చినావా అన్నా?" అంది.

మామ నా వైపు చూశాడు. నేను శనక్కాయలు జేబులో పోసుకున్నాను.

"లేదమ్మా. ఊరికే చూసిపోదామని వచ్చినాము."

గడప దాటాక అన్నాడు: "నా తప్పని పనోళ్ళ ముందర నేను చెప్పలేను. నీ తప్పని నువ్వు చెప్పింటే పిలిచిండేవాణ్ణి. శనక్కాయలు బాగుండాయా?"

ఇప్పుడు నేనూ రంగుల ప్రయోగశాలలోనే పని చేస్తున్నాను. రేకులు ఎండకు కట్టేముందు చీటీలు నేనే తీస్తాను, ఇంకెవరికీ అప్పగించను. సెలవుకు ఇంటికి వెళితే అక్క శనక్కాయలు ఉడికించి పంపుతుంది. తింటాను. ఆ చీటీల సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.