చలిమంట పాట వరస

సూసన్న నవల రాస్తోందన్న సంగతి తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో అందరికీ తెలుసు, ఒక్క ఆమె ఆఫీసులో తప్ప. అక్కడ పక్క బల్లల మీద పనిచేసే బెంగాలీవాళ్ళకి తెలుగు చదవడం రాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, పాత కాగితాల వెనక వైపున ఆమె అరగంటసేపు వంగి రాస్తుంటే, ఏదో పెండింగ్ పని కాబోలు అనుకునేవారు.

రైల్వే వర్క్‌షాప్‌లో టైమ్ ఆఫీసు గుమాస్తా ఆమె. తండ్రి అదే వర్క్‌షాప్‌లో బాయిలర్ల పని చేస్తూ సర్వీసులో ఉండగానే పోతే, ఇరవై రెండేళ్ళప్పుడు ఆ ఉద్యోగం ఆమెకొచ్చింది. ముప్ఫై మూడేళ్ళుగా ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎన్నింటికి బయటికెళ్ళారు అని రాస్తూనే ఉంది. భర్త జయప్రకాష్ గూడ్సు బండి గార్డు. వారంలో సగం రోజులు లైను మీదే ఉంటాడు. కూతురు జెనీ ఊళ్ళోనే ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది.

నవల ఆలోచన ఆమెకి చర్చిలో పుట్టింది. కిందటేడు కొత్త కీబోర్డు వచ్చాక, కాలితో తొక్కే పాత హార్మోనియాన్ని విరిగిన బెంచీలతో పాటు సామాన్ల గదిలో పడేశారు. దాని మోత ఎలా ఉండేదో జెనీకి చెప్పబోయి సూసన్న చెప్పలేకపోయింది. వాయించే మనిషి కాళ్ళు తొక్కుతుంటే కిర్రుమనే చప్పుడు, తోలుతిత్తి గాలి పీల్చుకున్నట్టు వచ్చే ఊపిరి, ఆ తర్వాత స్వరం. అదంతా నోటితో చెబితే నవ్వులాటగా ఉంది. రాస్తే కుదురుతుందేమో అనుకుంది.

రాయడం మొదలుపెట్టేసరికి హార్మోనియంతో పాటు దాన్ని వాయించిన ఏబెల్ మాస్టారు కూడా వచ్చేశాడు. ఆయన నిజానికి ఫిట్టరు. వర్క్‌షాప్ సైరన్ కొట్టాక చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని, సైకిలు మీద తిన్నగా చర్చికొచ్చి పిల్లలకి పాటలు నేర్పేవాడు. అందరూ మాస్టారనేవారు. అది ఎనభై నాలుగో సంవత్సరం. సూసన్నకి పధ్నాలుగేళ్ళు. గాయక బృందంలో ముందు వరసలో, కిటికీకి ఎదురుగా ఆమె చోటు. ఆ కిటికీ అవతల, రోడ్డు వైపు, వారానికి రెండు రోజులు ఒక అమ్మాయి వచ్చి నిలబడేది. ఖరిదా బజారులో అప్పడాలూ చింతపండూ అమ్మే చెన్నకేశవరావుగారి కూతురు. చేతిలో సంచీ ఉండేది. ఇరవయ్యేళ్ళుంటాయేమో. ఆమె నిలబడినంతసేపూ ఏబెల్ మాస్టారు ఒకటికి రెండుసార్లు కిటికీ వైపు చూడటం సూసన్న కనిపెట్టింది. ఆ మరుసటి ఏడాది ఆ అమ్మాయి రావడం మానేసింది. మరి కొన్నేళ్ళకి మాస్టారు చక్రధర్‌పూర్‌కి బదిలీ అడిగి మరీ వెళ్ళిపోయాడు. ఏం జరిగిందో పెద్దవాళ్ళెవరూ మాట్లాడలేదు.

నలభై ఏళ్ళ తర్వాత సూసన్న ఆ ఇద్దరినీ కలిపి కథ చేసింది. అమ్మాయి పేరు రెబెక్కా అని పెట్టి, చర్చి వాకిలి ఊడ్చే ముసలాయన మనవరాలిని చేసింది. గురువారం మధ్యాహ్నాలు స్త్రీల సమాజంలో ప్రార్థన అయ్యాక ఒక్కో అధ్యాయం చదివి వినిపించేది. టీ చల్లారిపోతున్నా ఎవరూ గ్లాసు ముట్టేవారు కాదు. రెబెక్కా కిటికీ ఊచలు పట్టుకున్న చోట పాస్టరుగారి భార్య కళ్ళు తుడుచుకుంది.

మొత్తం చిత్తు ప్రతిని కంప్యూటర్లో కొట్టే పని జెనీది. ఓ ఆదివారం సాయంత్రం టైపు చేస్తున్నదల్లా ఆగి అడిగింది.

“అమ్మా, ఒక్క మాట. ఈ రెబెక్కా మాస్టారి కోసమే వచ్చేదా?”

“మరేటి? లవ్ స్టోరీ గదా.”

“మరి నువ్వే రాసినావు, పాట అవగానే ఎల్లిపోయేదని. మాస్టారు బయటికొచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ ఉండరని. మనిషి కోసం వచ్చినమ్మాయి మనిషి బయటికొచ్చేదాకా ఉండదేటి?”

అది సూసన్న కల్పించిన ముక్క కాదు. ఆ అమ్మాయి నిజంగానే అలా వెళ్ళిపోయేది. హార్మోనియం ఆగీ ఆగకముందే సంచీ ఊపుకుంటూ నడిచిపోవడం ఆమె కళ్ళారా చూసింది. రాసేటప్పుడు గుర్తొచ్చినదాన్ని గుర్తొచ్చినట్టు పెట్టేసింది గానీ, దానికి అర్థం ఏమిటని ఆలోచించలేదు.

ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. ఆఫీసులో లెక్క తప్పితే ఎలా చిరాకుపడుతుందో అలాగే ఉంది. చివరికి ఒక శనివారం హాఫ్ డే పెట్టి, సైకిలు తీసుకుని ఖరిదా వెళ్ళింది. అప్పడాల కొట్టు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ ఫోన్ల షాపుంది. దాని మెట్ల పక్కన పూలమ్మే ఆవిడ చెప్పింది: “కేశవరావుగారమ్మాయా? రాధారాణి గదా. ఝపటాపూర్ల ఉన్నాది, మొగుడు పోయినాక అక్కడి కొట్టు తనే సూసుకుంటన్నాది.”

సైకిలెక్కబోతూ సూసన్న ఒక్క క్షణం ఆగిపోయింది. ఝపటాపూర్ ఏమంత దూరం? ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ రోడ్డు మీద వెళ్ళిందో.

ఆ కొట్టు చిన్నది. గుమ్మానికి బిస్కట్ ప్యాకెట్ల దండలు, లోపల పప్పుల డబ్బాలు. గల్లాపెట్టె పక్కన కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషి అరవై దాటిన ఆవిడ. సూసన్న అర కిలో పెసరపప్పు అడిగి, కట్టించుకుని, ఇక వెనక్కి పోలేక చెప్పేసింది.

“అక్కా, నా పేరు సూసన్న. తెలుగు చర్చి. సిన్నప్పుడు మీరు మా చర్చి కిటికీ దగ్గర నిలబడేవారు గదా, నాను లోపల పాడీదాన్ని.”

రాధారాణి కళ్ళద్దాలు తీసి చూసింది. “ముందు వరసల, రెండు జడలు. స్వరం పైకెక్కితే నీ గొంతు జారిపోయీది.”

సూసన్నకి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. లోపలికి రమ్మని స్టూలు వేసింది రాధారాణి. నవల సంగతి విని ముఖం చిట్లించలేదు. పైగా ముందుకు వంగి, “ఏటి రాసినావు? సెప్పు, సెప్పు,” అంది. సూసన్న చెబుతుంటే మధ్యలో ఇద్దరు కొనేవాళ్ళు వస్తే బెంగాలీలో గబగబా మాట్లాడి పంపేసింది. రెబెక్కా పేరు దగ్గర మాత్రం పెద్దగా నవ్వింది.

“నన్ను కిరస్తానీ పిల్లని సేసీసినావా! మా నాన్న వింటే ఏటయ్యీవాడో.”

“తప్పేనక్కా. కథకి కుదరక…”

“పోనీలే. పెళ్ళయిందా వాళ్ళకి?”

“చివరి అధ్యాయంలో. క్రిస్మస్ అయిన వారానికి.”

“మంచిదే.”

అప్పుడు సూసన్న అసలు ప్రశ్న అడిగింది. పాట ఆగగానే ఎందుకు వెళ్ళిపోయేదని.

“పాట కోసం వచ్చినాను, పాట అయిపోయింది. ఇంకేటి పని?” అంది రాధారాణి. గొంతు తగ్గించి అడిగింది. “ఆ సలిమంట పాట ఇంకా పాడతన్నారా?”

పాడకేం. “చలిమంట దగ్గర చోటుందా” అని గొర్రెల కాపరులని బాటసారి అడిగే పాట. మాటలు అప్పటి పాస్టరుగారివి, వరస ఏబెల్ మాస్టారిది. ప్రతి క్రిస్మస్‌కీ అదే మొదటి పాట, కరపత్రం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. దానికొక చిక్కుంది. ప్రతి పాదంలోనూ మూడు దెబ్బల తర్వాత ఒక ఖాళీ వస్తుంది. అక్కడ ఆగాలి. కొత్తగా చేరిన వాళ్ళెవరూ ఆగలేరు, ముందుకు పరుగెడతారు. ఆ ఖాళీ ఎందుకో సూసన్నకీ ఎప్పుడూ అంతుపట్టలేదు. అదే చెప్పింది.

రాధారాణి లోపలికెళ్ళి అప్పడాల పీట, కర్ర తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది. పిండి లేకుండానే కర్ర ఆడించింది. ఒత్తు, ఒత్తు, ఒత్తు. తర్వాత ఎడమ చేత్తో లేని అప్పడాన్ని ఎత్తి తిప్పింది. మళ్ళీ ఒత్తు, ఒత్తు, ఒత్తు. తిప్పు. రెండోసారికి నోటితో కూనిరాగం అందుకుంది. చలిమంట పాట వరస. తిప్పిన ప్రతిసారీ స్వరం ఆగింది.

సూసన్న చేతిలో పెసరపప్పు పొట్లం నలిగిపోయింది.

“మా అమ్మా నానూ కొట్టు యెనక రోజుకి రెండొందల అప్పడాలు సేసీవాళ్ళం,” అంది రాధారాణి. “సెయ్యి ఎలా ఆడితే అలా వచ్చీసింది. నాకు సంగీతం రాదు. మీ హార్మోనియం ఇంటే నా లోపలున్నది కూడా అలాగే పలుకుతాదేమో అనిపించీది, అందుకే వచ్చీదాన్ని. ఓరోజు మీరింకా రాలేదు. మాస్టారొక్కడే కూకుని ఏదో వాయిస్తన్నాడు. కిటికీ దగ్గర నాలో నాను పాడుకుంటంటే ఇన్నాడు. ‘అది మళ్ళీ అను’ అన్నాడు. అన్నాను. కాగితం మీద ఏవో రాసుకున్నాడు. అలాగ నాలుగు వారాలు.”

“మరి పేరెందుకు చెప్పలేదక్కా ఆయన?”

“సెప్పబోయినాడు. ఆ కిస్మస్‌కి పాట అవగానే అందరూ సప్పట్లు కొట్టినారు గదా, లేచి నిలబడినాడు. నాను కిటికీలోంచి తల అడ్డంగా ఊపినాను. మా నాన్నకి తెలిస్తే బయటికి పంపడు. ఆయన కూకుండిపోనాడు. ఎండాకాలంల నాకు పెళ్ళయిపోయింది.”

ఇక మిగిలింది ఒక్కటే. నవల రాసే మనిషికి అది అడగకుండా ఉండటం కష్టం. “అక్కా, మరి మీ ఇద్దరి మధ్యా…”

“అది ఆయన్నే అడగాల,” అంది రాధారాణి పీట తుడుస్తూ. “నాకైతే తెలీదు. తెలుసుకునీ టైమే లేదు.”

చర్చి పాత సభ్యుల రిజిస్టర్‌లో ఏబెల్ మాస్టారి కొడుకు నంబరు దొరికింది. మరుసటి రోజు ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద కూర్చుని సూసన్న ఫోన్ చేసింది. జెనీ పక్కనే చెవి పెట్టి వింటోంది. కొడుకు ఫోన్ అందించిన మాస్టారి గొంతు ముసలిదైంది గానీ మాట స్పష్టంగానే ఉంది. రాధారాణి చెప్పిందంతా సూసన్న ఆయనకి చెప్పింది. బదిలీ అడిగి మరీ ఎందుకు వెళ్ళిపోయారని అడిగింది.

“నిజమేనమ్మా,” అన్నాడు. “ప్రతి ఏడూ పాట అవగానే నా దగ్గరకొచ్చి సెయ్యి కలిపీవారు. వరస బాగుంది మాస్టారూ అని. నాది కాదని సెప్పలేను, ఆ పిల్లకి మాటిచ్చినాను. అవునని సెప్పలేను. ఆ సేతులు తప్పించుకుందామనే సక్రధర్‌పూర్ వచ్చీసినాను.”

“అంతేనా మాస్టారూ?”

ఆయన చిన్నగా నవ్వాడు. “ఇక్కడికొచ్చినాక హార్మోనియం ముట్టలేదు. ఎందుకో నాకే తెలీదు. పుస్తకం రాస్తన్నదానివి, నువ్వే ఆలోసించు.” మళ్ళీ ఆయనే అడిగాడు, “ఆ ఆగాల్సిన చోట ఆగుతన్నారా?”

“లేదు మాస్టారూ.”

“ఆమెని పిలవండి. తను సెప్తాది.”

రాధారాణి అంత సులువుగా ఒప్పుకోలేదు. కొట్టు ఎవరు చూస్తారంది. నలభై ఏళ్ళ తర్వాత ఇదంతా ఎందుకంది. రోడ్డు మీద నిలబడిన మనిషిని లోపలికెలా వస్తానంది. మూడో శనివారం మాత్రం, మూసేసిన కొట్టు తాళం చెవి కొంగున ముడేసుకుని, సూసన్న సైకిలు పక్కన నడుస్తూ వచ్చింది. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అవి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుంది. గాయక బృందంలోని పిల్లలు లేచి నిలబడ్డారు. కీబోర్డు వాయించే అతను వేగం కాస్త తగ్గించమంటారా అని అడిగాడు. ఆవిడ తల ఊపి, బల్ల మీద అరచేత్తో మూడు దెబ్బలు కొట్టి, నాలుగోదానికి చెయ్యి తిరగేసింది. పిల్లలూ అలాగే చేశారు. నాలుగైదుసార్లు తప్పి, నవ్వి, చివరికి ఆగాల్సిన చోట అందరూ ఒక్కసారిగా ఆగారు. ఆ నిశ్శబ్దంలో రోడ్డు మీద పోతున్న రిక్షా బెల్లు వినిపించింది. రాధారాణి కళ్ళు మూసుకుంది.

ఆ ఏడు కరపత్రం మీద పాట కింద “వరస: రాధారాణి, హార్మోనియానికి కూర్చినది: ఏబెల్” అని అచ్చయింది. ఏబెల్ మాస్టారు రాలేకపోయాడు. మోకాళ్ళ నొప్పులట. కొడుకు చేత ఫోన్‌లో పాట విన్నాడు. సంఘంలో ఒకరిద్దరు పెద్దలు గొణిగారు, హిందువులావిడ వరస ఇన్నాళ్ళూ పాడామా అని. పాస్టరుగారు వాళ్ళని అడిగింది ఒక్కటే: పాడుతున్నప్పుడు ఎప్పుడైనా మీకు తేడా తెలిసిందా?

నవల చివరి అధ్యాయం పట్టుకుని సూసన్న మళ్ళీ ఝపటాపూర్ వెళ్ళింది. అబద్ధపు పెళ్ళి తీసెయ్యనా అని అడిగింది.

“ఎందుకు తియ్యడం? కథల్లో పెళ్ళవ్వాల, ఉండనీ,” అంది రాధారాణి. “వరస నాదని ముందు పేజీల రాయి. అది మాత్రం కథ కాదు.”

అలాగే రాసింది. జెనీ బైండింగ్ చేయించి తెచ్చిన పుస్తకాలు స్త్రీల సమాజంలో చేతులు మారి నలిగిపోయాయి. పెళ్ళి విందు గురించి రెండే పేరాలు రాశావని అందరూ ఫిర్యాదు చేశారు.

రాధారాణి దగ్గర ఇంకా నాలుగు వరసలున్నాయట, వడియాలు పెట్టేటప్పుడు వచ్చినవి, చింతపండు గింజలు తీసేటప్పుడు వచ్చినవి. వేటికీ మాటలు లేవు. సూసన్న ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఆ కొట్టులో స్టూలు మీద కూర్చుని, ఒక్కోదాన్నీ మళ్ళీ మళ్ళీ పాడించుకుంటూ ఏ మాట ఎక్కడ సరిపోతుందో వెతుకుతోంది.