హోటల్ లింకుకు బోణీ

తొంభైల చివర్లో మేము శంషాబాద్‌లో ఒక మేడమీద అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు కాటేదాన్‌లో ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అద్దె తక్కువ, బస్సు దొరుకుతుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మాకు ఊరు నచ్చడానికి అంతకన్నా కారణాలు అక్కర్లేకపోయాయి. విమానాశ్రయం ఇక్కడికే వస్తుందని అప్పటికే పుకారు. విమానం మాటేమో గానీ, దాని పేరు చెప్పి మహేశ్వరం దాకా జొన్నచేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు మాత్రం వచ్చేశాయి.

ఆ పుకారును అందరికన్నా ఎక్కువ నమ్మింది నేనే. కంప్యూటర్ కోర్సు చేసి, రెండు గాజులు అమ్మి కంప్యూటర్ కొనుక్కుని, హైదరాబాద్ చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఇంగ్లీషులో ఒక వెబ్‌సైట్ పెట్టాను. పహాడీ షరీఫ్ దర్గా మెట్లు స్వయంగా ఎక్కి, ఎన్నున్నాయో లెక్కపెట్టి మరీ రాశాను. అది ఎవరికి పనికొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఓపిక తక్కువ మనిషి, అంతే. వాళ్ల ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకటి కావాలన్నారట.

"దసరా దాకా చూద్దాం. అప్పటికి ఆ వెబ్‌సైట్ మీద ఒక్క చెక్కయినా వస్తే నీ ఇష్టం. లేకపోతే ఇచ్చేద్దాం," అన్నాడు.

నాకంటూ ఉన్న పని అదొక్కటే. వంట, బట్టలు నా పనులే అయినా, అవి నేను ఎంచుకున్నవి కావు. అందుకే ఆ చెక్కు ఎలాగైనా రావాలి.

వెబ్‌సైట్‌లో హోటళ్ల లింకులు పెడితే కమిషన్ ఇచ్చే అమెరికా కంపెనీలు రెండు దొరికాయి. మొదటిది మన లింకు ద్వారా ఎవరైనా గది బుక్ చేసుకుని, వచ్చి, పడుకుని, లేచి వెళ్లాక కమిషన్ ఇస్తుంది. డబ్బు ఎక్కువే, కానీ ఆ మనిషి ఎప్పుడు బయల్దేరాలి, ఎప్పుడు పడుకోవాలి? రెండోది ఎవరైనా లింకు నొక్కితే చాలు, నొక్కుకింత అని నెలనెలా ఇస్తుంది. వారం రోజులు రెండు కంపెనీల షరతులూ చదివాను. రెండింటి జాబితాలోనూ శంషాబాద్‌లో ఒక్క హోటలూ లేదు. ఉండడానికి మా ఊళ్లో ఉన్నవి లారీ డ్రైవర్లు పడుకునే నులకమంచాలే. చివరికి దసరాను తలుచుకుని రెండోదాన్ని ఎంచుకున్నాను. మనవాళ్ల చేత నొక్కించకూడదని అందులో ఒక షరతుంది. అది దొంగల కోసం రాసిందనుకున్నాను.

కింద మా ఇంటి ఓనరమ్మ ఉండేది. ఆమె చెయ్యి మంచిదని ఊరంతా పేరు. కిరాణా కొట్టు తెరిచినా, కోడిమాంసం దుకాణం పెట్టినా మొదటి బేరం ఆమె చేతి మీదుగా జరగాల్సిందే. పది రోజులైనా ఒక్క నొక్కూ పడలేదని నేను దిగులుగా ఉంటే, సంగతి కనుక్కుని నొచ్చుకుంది.

"ఏంది బిడ్డా, దుకానం వెట్టి బోణీకి నన్ను పిల్వవా? జర చూపియ్యి, యాడ ఒత్తాలె?"

కాదంటే అశుభం, అవమానం కూడా. పైగా ఇంటి ఓనరు చుట్టం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి, మౌసుకు పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని నొక్కింది. సికింద్రాబాద్ హోటల్ ఒకటి నెమ్మదిగా తెర మీదికి దిగింది. "మస్తుగుంది," అంది.

అంతటితో ఆగితే బాగుండేది. బోణీ చేసిన దుకాణాన్ని గాలికి వదిలేసే మనిషి కాదామె. మర్నాడు చెల్లెల్ని తీసుకొచ్చింది, ఆ మర్నాడు పాలకేంద్రం దగ్గర ఆడవాళ్లను. అందరూ మెట్ల కింద చెప్పులు విడిచి, వరసగా వచ్చి నొక్కి, మంచినీళ్లు తాగి వెళ్లేవాళ్లు. "మనోళ్లం మనం ఒత్తకుంటె ఎవలొత్తుతరు?" అనేది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, నొక్కుల అంకె పెరుగుతుంటే సంతోషించాను.

దసరాకు వారం ముందు ఆ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నొక్కులన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నాయి, వాటిలో ఒక్కరూ గది తీసుకోలేదు, మీ ఖాతా మూసేశాం, డబ్బు ఇవ్వం అని. చాలా మర్యాదగా రాశారు. ఓనరమ్మ మీద నాకు కోపం ముంచుకొచ్చింది. రెండు రోజులు ఎదురుపడకుండా తిరిగాను. షరతు చదివింది ఆమె కాదు, నేనే. ఆ సంగతి గుర్తొచ్చినకొద్దీ కోపం ఇంకా ఎక్కువైంది.

పండగ వెళ్లాక ఫ్యాక్టరీ ఆటోట్రాలీలో కంప్యూటర్ వెళ్లిపోయింది. ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా చెయ్యి పనిజెయ్యలేదా బిడ్డా?"

ఆ ముఖం చూసి, తిట్టాలనుకున్నదాన్ని మానేశాను.

"పనిచేసింది పిన్నిగారూ. మరీ ఎక్కువ పనిచేసింది. వాళ్లే తట్టుకోలేక మూసేశారు," అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆమె ముఖం విప్పారింది. "గట్లనా! పోనియ్యి. ఇంకో దుకానం వెట్టు. మల్ల నేనే వస్త."

సరేనని తలుపు వేసి, ఖాళీ బల్ల ముందు కూర్చుని ఏడ్చాను. కంప్యూటర్ పోయినందుకు మా ఆయన కాస్త జాలిపడ్డాడు, పుట్టింటివాళ్లు పోనీలే అన్నారు. నేను చేసింది దుకాణమేనని, మూతపడితే మళ్లీ తెరవాలని అనుకున్న మనిషి ఆమె ఒక్కతే.