దెబ్బలు కనపడాల్సిన ఫోటో

నా స్టూడియోకి వచ్చేవాళ్ళంతా ముఖంలో ఏదో ఒకటి దాచమనేవాళ్ళే. మొటిమ దాచు, నలుపు దాచు, కళ్ళ కింద గుంతలు దాచు. మడకశిర రోడ్డు మీది ఆ చిన్న గదిలో నాకున్నది ఒక్కటే ఫ్లాష్. దానికి తెల్ల గొడుగు తగిలించి ఎదురుగా పెట్టి కొడితే ముఖం చదునుగా, తెల్లగా వస్తుంది. జనం మురిసిపోతారు. ఆ పని చేసీ చేసీ నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మొన్న ఎండాకాలంలో, పొద్దు వాలుతున్న వేళ, ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురు కొంగు తీసి ఎడమ చెంప చూపించింది. మొగుడు బెల్టుతో కొట్టాడట. కేసు పెట్టాలంటే ఫోటో కావాలని వకీలు చెప్పాడట. ఫోనులో తీసుకుంటే దెబ్బలేమీ తెలియలేదట.

"రెండు దినాల్లో ఇవి మానిపోతాయన్నా. అప్పుడు నా మాట ఎవురు నమ్ముతారు? మళ్ళా వాని కాడికే తోల్తారు," అంది.

గొడుగు పీకి పారేశాను. ఫ్లాష్‌ను ఆమె చెంపకు పక్కగా, చెవి ఎత్తుకు దించాను. పక్కనుంచి వెలుతురు పడితే ఉబ్బు పైకి లేస్తుంది, దున్నిన చేనులో పొద్దుటి వాలు ఎండకు చాళ్ళు కనపడినట్టు. ఒకటి తీసి చూశాను. కెమెరా తెర మీద వాతలన్నీ విడివిడిగా లేచాయి. బెల్టు బకిల్ అచ్చు కూడా తెలుస్తోంది. వాణ్ణి నరికేయాలనిపించింది. తల్లి చూసి నోట్లో కొంగు కుక్కుకుంది.

రెండోది తీయబోతుంటే ఆ మొగుడే వచ్చాడు. బజారులో ఎవడో చెప్పినట్టుంది. రావడం రావడమే స్టాండును తన్నాడు. ఫ్లాష్ గోడకు కొట్టుకుని ముక్కలైంది.

"ఏమప్పా, నా పెండ్లానికి ఫోటోలు తీస్తాండావా?" అని నా చొక్కా పట్టుకున్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. వాడి చెంప పగలగొట్టాను. వాడు నన్ను వదిలి కెమెరా మీదికి దూకాడు. అప్పటికే ఆమె దాన్ని లాక్కుని కడుపుకు హత్తుకుని వంగిపోయింది. వాడు వీపు మీద గుద్దాడు. జుట్టు పట్టి ముఖాన్ని గోడకేసి కొట్టాడు. నేనూ, తల్లీ, పరుగెత్తుకొచ్చిన పక్క టీ అంగడాయనా కలిసి వాణ్ణి ఈడ్చి బయట పడేశాం. టీ అంగడాయన వాడి రొమ్ము మీద కూర్చున్నాడు.

ఆమె పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదికి కారుతోంది. తడిగుడ్డ తెచ్చాను. తోసేసింది. గడపలోకి ఎండ ఏటవాలుగా పడుతున్న చోటికి స్టూలు లాక్కుని, చెంప అటు తిప్పి కూర్చుంది. కెమెరా నా చేతికిచ్చింది.

"తుడవొద్దన్నా. ఇది గూడా పడాల."

బయట వాడు బూతులు తిడుతూనే ఉన్నాడు. నేను కెమెరా కంటికి పెట్టుకున్నాను.

"చెయ్యి వణుకుతాందన్నా నీకు," అంది ఆమె, కదలకుండా. "మసక వస్తాది. నిదానంగా తీయి."