విజయదేవతల జాకెట్టు ముక్కలు

హేమచంద్ర గారి గృహప్రవేశం నాడు గోడ మీది విజయదేవత జాకెట్టు ముక్క జారి సాంబారులో పడింది. వడ్డిస్తున్నావిడ దాన్ని గరిటెతో తీసి పక్కన పెట్టి, మళ్ళీ వడ్డన సాగించింది. అందరూ ప్లేట్లలోకే చూస్తూ భోంచేశారు. తలెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ దేవతల్ని గీసినవాడు బాసిత్. గుంటూరులో ఇళ్ళ ప్లాన్లు గీయడంలో పేరున్న డ్రాఫ్ట్స్‌మన్. సిడ్నీ వచ్చాక టాక్సీ తోలుతున్నాడు. ఎదురుగా ఆడమనిషి వస్తే తన చెప్పులకేసి చూసుకునే మనిషి. టాక్సీలో అద్దాన్ని కూడా వెనక సీటు కనపడకుండా తిప్పుకుంటాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న వైటూకే భయం పుణ్యమా అని హేమచంద్ర గారికి చేతినిండా పని, క్వేకర్స్ హిల్‌లో కొత్త ఇల్లు. నెపోలియన్ కాలంనాటి రాజభవనాల నమూనాలున్న లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి బాసిత్ ముందు పెట్టాడు.

“బాసిత్ భాయ్, హాలంతా ఇట్లాగే ఉండాలి. స్తంభాలు, పూలదండలు, గద్దలు, రెక్కల విజయదేవతలు, ఏదీ వదలొద్దు. బావుందంటే మా వీధిలో ఇంకో రెండిళ్ళు మీకే ఇప్పిస్తా.”

ఇక టాక్సీ మానేసి మళ్ళీ బొమ్మల బల్ల ముందు కూర్చోవచ్చని బాసిత్ ఆశ. స్తంభాలు, దండలు, గద్దలు అచ్చు పుస్తకంలో ఉన్నట్టే దించాడు. దేవతల దగ్గరికొచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. రెక్కలు, ముఖం, చేతిలో దండ, కాళ్ళ దగ్గర కుచ్చిళ్ళు గీసి, మెడకీ నడుముకీ మధ్య మాత్రం ఖాళీ వదిలేశాడు.

ప్లాస్టర్ బొమ్మలు పోసేవాడు ఆ కాగితం చూశాడు. బట్ట గీయలేదంటే లేదనుకున్నాడు. “నో వరీస్, మేట్” అని, ఆ ఖాళీని మహా శ్రద్ధగా నింపాడు.

హేమచంద్ర గారు ఆఫీసులో కంప్యూటర్లని కాపలా కాస్తూ ఇటు రానేలేదు. గృహప్రవేశం పొద్దున గోడల మీది దుప్పట్లు తీస్తే ఇదీ సంగతి. ఆయన భార్య శేషుకుమారి గారు, ముత్తయిదువలకి తాంబూలంలో పెట్టాల్సిన జాకెట్టు ముక్కలు నాలుగు తెచ్చి, నలుగురు దేవతలకీ టేపుతో అంటించింది. సాంబారు ఆవిరికి ఒకటి ఊడింది.

భోజనాలు కాగానే ఆ రెండిళ్ళవాళ్ళు డ్రాయింగుల ఊసెత్తకుండా సెలవు తీసుకున్నారు. గ్యారేజీలో తలొంచుకుని కుర్చీలు మడతపెడుతున్న బాసిత్ దగ్గరికి శేషుకుమారి గారు పుస్తకం పట్టుకుని వచ్చింది.

“చూడండి బాసిత్ గారూ! ఇందులో దేవతకి మెడ దాకా శుభ్రంగా గౌను ఉందిగా! మీరెందుకు తీసేశారు? మా అత్తగారి ముందు తలెత్తుకోలేకపోయాను.”

బాసిత్ తన చెప్పులకేసి చూసుకున్నాడు.

“ఉందని నాకేం తెలుసమ్మా, నేనటు చూస్తేగా!”