ఫొటోలో పడని మేస్త్రి

ఫిబ్రవరి రెండో గురువారం పొద్దున ఏడున్నరకు, ఒమన్‌లో మేం కంచె వేస్తున్న పురాతన రాతి గోరీల దగ్గరికి ఒకాయన చెక్కపెట్టె కెమెరా తెచ్చిండు. వెనకటికి ఇట్లాంటి దానితోనే ఫొటోలు తీసేవాళ్లట. గోరీ ఎత్తు తెలియడానికి పక్కన మమ్మల్ని నిలబడమన్నడు. గాజుపలక ఒక్కటే ఉందట, నిమిషంసేపు కదలకుండ నిలబడాలట, కదిలినోడు పడడట.

మా మేస్త్రికి "కదలండిరా!" అనకుంటే పొద్దుపోదు. ఆరోజు ఇస్త్రీ అంగీ తొడిగిండు.

"గోడకు బిగించే ఫొటో పంపమంది మా ఇంటిది, మామా," అన్నడు నాతోని.

కెమెరా మూత తీయంగనే మేస్త్రి మొదలుపెట్టిండు. "నర్సయ్యా, కడుపు లోపలికి! సత్తెన్నా, సక్కగ నిలబడు!" అని మా చుట్టే తిరిగిండు.

ఫొటోల గోరీ పడ్డది. పనిదొంగలం మేం ముగ్గురం పడ్డం. మేస్త్రి జాగల పొగమరక.

ఆయన పంపనంటే నేనే ఈ కాగితం జోడించి పంపుతున్న. ఆయన అక్కడున్నడని చూసినోళ్లం రాజలింగమనే నేను, నర్సయ్య, సత్తెన్న, కెమెరా ఆయన. బిడ్డా, ఆ మరక నీ మొగుడే.