నల్లా బంద్

ఎల్లేశం పైపులకు చెవి ఒగ్గి వినేవాడు. స్పానరు ఒక కొన పైపు మీద, రెండో కొన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునేవాడు. కాసేపటికి "ఈడ" అని వేలు పెట్టి చూపించేవాడు. అక్కడ తవ్వితే మట్టి తడిగా ఉండేది.

పుప్పాలగూడలో మేం కిరాయికున్న నాలుగంతస్తుల భవనానికి అతను వాచ్‌మన్. ఊరు జనగామ దగ్గర. బావి ఎండిపోయాక భార్య చంద్రమ్మతో వచ్చి, పక్కనే ఉన్న రాయదుర్గంలో బండలు కొట్టాడు. ఎడమ చేతి బొటనవేలికి గోరు లేదు. నా భర్త హేమంత్ పనిచేసే ఆఫీసు పేరు చెబితే, "గా బిల్డింగు కింద బండ మేం పగలగొట్టిందే" అన్నాడొకసారి, మామూలుగా. తర్వాత ఒక ప్లంబరు వెంట పైపులు మోస్తూ ఆ పని కూడా నేర్చుకున్నాడు. మా భవనంలో ఏ కొళాయి కారినా అతన్నే పిలిచేవాళ్ళం.

అది రెండువేల పదకొండు, సెప్టెంబరు చివర. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు బంద్, బడులు బంద్. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఏడాది నిండని మా పాపకు విరేచనాలు. మాది ప్రొద్దుటూరు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. నీళ్ళు కాచి, చల్లార్చి, ఉప్పూ చక్కెరా కొలిచి కలిపి, పాప ఎన్ని చెంచాలు తాగిందో కాగితం మీద రాసుకుంటూ రోజులు గడుపుతున్నాను.

ఆ రోజుల్లోనే ప్రహరీ పక్కన, మొక్కలకు రబ్బరు పైపు తగిలించే కొళాయి కారడం మొదలైంది. కట్టేసినా సన్నటి ధార ఆగలేదు. లీటరు మగ్గు పెట్టి గడియారం చూశాను. ఇరవై నిమిషాల్లో నిండింది.

"రోజుకు డెబ్బై రెండు లీటర్లు పోతున్నాయి, ఎల్లేశం" అన్నాను.

అతను నవ్వాడు. "గింత నల్లాకు గంత లెక్కనా మేడం! పాపకు పాలు గూడ గిట్లనే కొలుస్తరా?"

"కొలుస్తాను."

"అయితే రేపు పొద్దుగాల్నే జూస్త. లేకుంటే నాకు గూడ లెక్క గడ్తరు."

అన్నట్టుగానే మర్నాడు చూశాడు. ఎనిమిది గంటలకు పాపకు బట్టలు మార్చి, కడుగుదామని బాత్‌రూములో కొళాయి తిప్పితే చుక్క రాలేదు. వంటింట్లోనూ అంతే. బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాను. ఎల్లేశం ప్రహరీ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మెడలో జై తెలంగాణ అని రాసిన కండువా. ముందురోజు దీక్షా శిబిరంలో ఒక గంట కూర్చుని వచ్చాడు.

"ఎల్లేశం! నీళ్ళు రావడం లేదు!"

"నల్లా బంద్ వెట్టిన మేడం!" అని అరిచాడు. చెయ్యెత్తి పైకి చూపిస్తూ ఇంకేదో చెప్పాడు. అప్పుడే రోడ్డు మీద డప్పులతో ఊరేగింపు వెళ్తోంది. మిగతా మాట వినపడలేదు.

నల్లా అంటే కొళాయి అని నాకు తెలుసు. మూసేయడాన్ని వాళ్ళు బంద్ పెట్టడమంటారనీ తెలుసు. కానీ ఆ రెండు వారాలుగా బంద్ అంటే నా చెవికి ఒకటే అర్థం. బస్సులు ఆపినట్టు నీళ్ళు కూడా ఆపాడనుకున్నాను. మేం ఇక్కడివాళ్ళం కాదు కాబట్టి ఆపాడనుకున్నాను. చేతిలో పాప ఏడుస్తోంది. మొదటి అంతస్తులో ఉండే అసోసియేషన్ సెక్రటరీ వెంకటనారాయణ గారికి ఫోన్ చేసి, "వాచ్‌మన్ సమ్మె అని నీళ్ళు ఆపేశాడండి" అని చెప్పాను.

రెండు నిమిషాల్లో కింద ఆయన గొంతు వినిపించింది.

"తిండి పెట్టే ఇంటికే నీళ్ళు ఆపుతావా? సాయంత్రానికి రూము ఖాళీ చెయ్యి!"

అంతదాకా వస్తుందని నేననుకోలేదు. వాచ్‌మన్ గది పోతే వాళ్ళకు ఇల్లూ పోయినట్టే. పాపను ఎత్తుకుని కిందికి వెళ్దామని తలుపు తీశాను. గుమ్మం పక్కన రెండు బకెట్లు ఉన్నాయి. నిండా నీళ్ళు. దుమ్ము పడకుండా పైన స్టీలు పళ్ళేలు మూసి ఉన్నాయి. మా పళ్ళేలు కావు.

చెయ్యెత్తి అతను చూపించింది మా తలుపు వైపు.

లిఫ్టు లేదు. మూడంతస్తులు దిగేసరికి చంద్రమ్మ నడుములో కొంగు దోపుకుని, వెంకటనారాయణ గారికి ఎదురుగా నిలబడి ఉంది.

"ఏంది సారు గీ లొల్లి? నల్లా ఇప్పకుంట వాచర్ ఎట్ల ఏస్తరో జర నువ్వే ఏసి సూపియ్యి. నేర్సుకుంటం!"

"నువ్వుండమ్మా. వాడు చెప్పాలి."

ఎల్లేశం తల ఎత్తలేదు. విప్పిన కొళాయి అతని అరచేతిలో ఉంది. అరిగిన రబ్బరు వాషర్‌ను గోరు లేని బొటనవేలితో బయటికి నెడుతున్నాడు. "పై నుంచి దిగే పైపు ఒక్కటే సారు. దీనికి యేరే వాల్వు లేదు. పైన మూయకుంట ఇప్పితే టాంకి మొత్తం మోరీల వడ్తది. టాంకిల సగమే ఉన్నయి. కరెంటు లేదు. గవి గూడ పోతే పాప ఉన్న ఇంట్ల ఏం జేస్తరు?"

మిగిలిన సగం ట్యాంకు మురిక్కాలువ పాలు కాకుండా కాపాడటానికే మూశాడు. ఒక పైపు, ఒక వాల్వు. చదువుకున్నదాన్ని, క్షణం ఆగి ఉంటే తట్టేది.

"తప్పు నాదండి" అన్నాను. "అతను సమ్మె కోసం నీళ్ళు ఆపలేదు. నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను. మా గుమ్మంలో రెండు బకెట్లు పట్టి పెట్టాడు."

"ఫోన్ చేసింది మీరే కదండీ?"

"నేనే. విన్నది కాదు, భయపడింది చెప్పాను."

వెంకటనారాయణ గారు "సర్లే, పని కానియ్యి" అని ఎల్లేశంతో చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

ఎల్లేశం పాత సైకిలు ట్యూబును కత్తెరతో గుండ్రంగా కత్తిరించాడు. పెట్టి చూసి, మళ్ళీ తీసి కాస్త చెక్కాడు. మరలకు దారం చుట్టి బిగించాడు. పైకెళ్ళి వాల్వు తిప్పి వచ్చి, కొళాయి కింద అరచెయ్యి పట్టాడు. చెయ్యి పొడిగానే ఉంది.

"క్షమించు, ఎల్లేశం" అన్నాను.

"పాపకు విరేచనాలు తగ్గినయా?" అని అడిగాడు. అంతే.

అక్టోబరు నెలాఖరున ఎల్లేశం వాళ్ళు సామాను ఆటోలో సర్దుకుంటుంటే, వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఎవరూ పొమ్మనలేదు. వెంకటనారాయణ గారు ఉండమని రెండుసార్లు చెప్పారట. శేరిలింగంపల్లిలో ఇంకో భవనం చూసుకున్నారు.

"ఎందుకు పోతున్నారు?" అని చంద్రమ్మను అడిగాను.

"ఒకపారి పొమ్మన్న ఇంట్ల నిద్ర వట్టదు మేడం. పొద్దున లేస్తే ఎవలు ఏమంటరో అని పరేషాన్." ఆమె గొంతులో కోపం లేదు. పొయ్యి, బిందె, చుట్టిన చాప ఒక్కొక్కటీ ఎల్లేశానికి అందించింది.

ఫోన్ నంబరు ఇవ్వమన్నాను.

"ఎందుకు మేడం?" అంది చంద్రమ్మ.

కొళాయిలు కారితే పిలవడానికని చెప్పబోయి ఆగాను. ఎల్లేశం తాడు బిగించి ముడేస్తూనే, ఒక్కో అంకె నింపాదిగా చెప్పాడు. నేను పాప చెంచాల లెక్క రాసిన కాగితం వెనక రాసుకున్నాను. ఆటో కదిలింది.