చుట్టుగుడిసె మీది కుండ

1949 నవంబరులో నన్ను కోదాడ నుంచి సూర్యాపేటకు మార్చారు. హోదా ఓవర్సీరు. రోడ్లు, తూములు, సర్కారు బంగళాలు చూసుకోవడం, కూలీల చేత పని చేయించడం, అయిన పనిని కొలిచి కొలతల పుస్తకంలో రాసి పై అధికారి సంతకానికి పెట్టడం మా ఉద్యోగం. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. కూలీల మీద అరిస్తేనే పని జరుగుతుందని నమ్మిన రోజులవి.

నా పై అధికారి అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన భార్య సుభద్రమ్మ గారికి క్షయ. ఏడాది వైద్యం తర్వాత జ్వరం తగ్గి కాస్త ఒళ్లు చేసింది. గాలి వచ్చే చోట వేరుగా ఉంచమని, చలి మాత్రం తగలనివ్వవద్దని డాక్టరు చెప్పాడు. అందుకని బంగళా తోటలో ఉన్న చుట్టుగుడిసెలో ఆవిడకు మంచం వేశారు. మట్టిగోడ, గడ్డికప్పు, ఒక తలుపు, రెండు కిటికీలు. ఆరేళ్ల కూతురు హైదరాబాదులో అమ్మమ్మ దగ్గర ఉండేది. చలికాలం గట్టెక్కితే పిల్లను తెచ్చుకోవచ్చని డాక్టరు మాటిచ్చాడట. ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటోందని, తోడుగా ఉండే మరియమ్మ నాతో ఒకటి రెండు సార్లు అంది. మరియమ్మ దవాఖానలో ఆయాగా చేసి మానేసిన మనిషి.

కుంపటి పెడితే ఆవిడకు దగ్గు తెర వచ్చేది. అందుకని ఇంజనీరు గారు సికింద్రాబాదు నుంచి ఒక ఇనుప పొయ్యి తెప్పించారు. నాలుగు కాళ్ల పెట్టె, ముందు చిన్న తలుపు, వెనక పొగగొట్టానికి మూతి. కట్టెలు లోపల కాలుతాయి, పొగ గొట్టంలోంచి పైకి పోతుంది, వేడి గదిలో ఉండిపోతుంది. బిగించే పని నాకు పడింది.

గడ్డికప్పు కింద ఇలాంటి పొయ్యి పెట్టడం ఆషామాషీ కాదు. అడుగున ఇటుకలు పరిచి మట్టి మెత్తించాను. గోడకు రెండు మూరల ఎడం వదిలాను. గొట్టం కప్పును దాటే చోట వేడికి గడ్డి అంటుకోకుండా చుట్టూ జానెడు ఖాళీ ఉంచి, రేకు అమర్చాలి. కప్పు పైన గొట్టం ఇంకో రెండు మూరలు లేవాలి. చివర్న రేకు టోపీ ఉండాలి. దాని కింద పక్కల నుంచి పొగ పోతుంది, పైనుంచి వాన పడదు. గొట్టాలు మిర్యాలగూడలో రేకుపని చేసే ఒకతనికి పురమాయించాను. కింది ముక్కలు అందాయి, వాటితో గొట్టం కప్పు పైన జానెడే లేస్తుంది. పై ముక్క, టోపీ, చుట్టూ వేసే రేకు ఇంకో వారం పడుతుందని కబురు చేశాడు.

కప్పు పని లింగయ్యది. తుంగతుర్తి పక్క పల్లెవాడు, యాభై దాటిన మనిషి. చుట్టుగుడిసెలో గడ్డంతా పైకి వెళ్లి నడినెత్తిన ఒక్కచోట కలుస్తుంది. అక్కడ నీరు దిగకుండా ఒక కుండ బోర్లించి, అంచుకు మట్టి మెత్తుతారు. మా గొట్టం సరిగ్గా ఆ చోటు నుంచే పైకి రావాలి. లింగయ్య కుండను పగలకుండా విప్పి కిందికి తెచ్చాడు.

"దీన్ని ఏడ పెట్టాలె సాబూ? మళ్ల గావాలె కద" అని అడిగాడు.

"ఎక్కడో పెట్టు" అన్నాను. మళ్లీ ఎందుకు కావాలని అతను అనుకుంటున్నాడో అడగలేదు. ఆ గొట్టం దేనికో అతనికి చెప్పనూ లేదు. కింద పొయ్యి చూశాడు కదా, తెలిసే ఉంటుందనుకున్నాను. అతనికి తెలిసిన పొయ్యిల్లో ఒక్కదానికీ గొట్టం లేదు. పొగ తలుపులోంచి, గడ్డి సందుల్లోంచి పోవడమే అతను పుట్టినప్పటి నుంచీ చూసింది.

పని పూర్తయిందని రాసి సంతకం అయ్యేదాకా దేన్నీ వాడనివ్వకూడదని మా నిబంధన. కాని డిసెంబరులో చలి ముదిరింది. ఇంజనీరు గారు ఒకసారి, "వెలిగించుకోవచ్చా?" అని అడిగారు. పై అధికారికి కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. నిప్పురవ్వలు కప్పు మీద పడతాయేమోనన్న ఒక్క భయంతో, పెద్ద మంట వద్దని, కట్టెలు కాలి నిప్పులయ్యాక గుడిసె తలుపు, కిటికీలు వేసుకోవచ్చని మరియమ్మకు చెప్పాను.

ఆ తర్వాత మూడో నాడు మబ్బు పట్టింది. మునగాల అవతల రోడ్డు కింద తూము కుంగిందని కోదాడ నుంచి కబురు వస్తే నేను బయలుదేరాను. పోతూ పోతూ లింగయ్యను పిలిచి, "గొట్టం పక్క నుంచి ఒక్క చుక్క లోపల పడొద్దు. పడిందో, నీ సంగతి చెబుతా" అన్నాను.

అతను నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. మధ్యాహ్నం వాన మొదలైంది. గొట్టం చుట్టూ వదిలిన ఖాళీలోంచి నీరు దిగుతుంటే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. గొట్టంలోంచి పొగ వస్తోంది. వానలో తడుస్తూ ఆ పొగ ఆగేదాకా కూర్చున్నాడు. ఆగాక దాచి ఉంచిన కుండ తెచ్చి గొట్టం మీద బోర్లించి, అంచంతా మట్టి మెత్తి దిగాడు. కింద పొయ్యిలో కట్టెలు నిప్పులయ్యాయి. నిప్పులకు పొగ ఉండదు, విషగాలి ఉంటుంది; గొట్టం మూసుకుంటే అది గదిలోకే వస్తుంది. వాన జల్లు కొడుతోందని మరియమ్మ కిటికీలు, తలుపు మూసింది. ఇద్దరూ నిద్రపోయారు.

సాయంత్రం కాఫీ తెచ్చిన వంటమనిషి ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. తలుపు తోసి చూస్తే మరియమ్మ గడప దగ్గర పడి ఉంది, ప్రాణం ఉంది. సుభద్రమ్మ గారు మంచం మీదే పోయారు.

మర్నాడు ఉదయం నేను వచ్చేసరికి లింగయ్యను పోలీసులు పట్టుకుపోయారు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం సాగుతున్న ఆ ఏడు అతని వైపు పల్లెల పేరు చెబితేనే మనిషిని అనుమానించేవారు. సర్కారు అధికారి భార్యను కావాలనే చంపాడని అప్పటికే ఊరంతా చెప్పుకుంటోంది. ఇంజనీరు గారు నన్ను ఒకటే అడిగారు, పొయ్యి బిగించడంలో లోపమేమైనా ఉందా అని. లేదన్నాను. బిగించినంతవరకు అది అబద్ధం కాదు. కాని నిజం చెప్పినట్టూ కాదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ రోజు గడిచింది, మర్నాడు కూడా గడిచింది.

మూడో రోజు లింగయ్య భార్య మా ఆఫీసు మెట్ల దగ్గర కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు.

"సుక్క పడొద్దని నువ్వే అన్నవంట గద సాబూ. గా మాట గాళ్లకు జెప్పు. గంతే" అంది.

లోపలికి వెళ్లి రాశాను. టోపీ రాకముందే పొయ్యి వాడనిచ్చింది నేను. చుక్క పడవద్దని బెదిరించింది నేను. గొట్టం దేనికో చెప్పనిది నేను. ఇంజనీరు గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

ఆ సాయంత్రమే లింగయ్యను వదిలారు. ఠాణాలో తిన్న దెబ్బలకు కుడిచెయ్యి భుజం దాకా వాచి ఉంది, పైకి లేవలేదు. నేను ఎదురుపడితే ఎడమచేత్తో దండం పెట్టాడు.

"పొగ ఆగిందాక సూసిన సాబూ" అన్నాడు.

నాకు హెచ్చరిక కాగితం ఇచ్చి మిర్యాలగూడకు బదిలీ చేశారు. లింగయ్య చెయ్యి బాగుపడలేదు. మళ్లీ ఏ కప్పూ కుట్టలేదని తర్వాత విన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఏం చెయ్యాలో చెప్పి ఊరుకోకూడదు, అది దేనికో కూడా చెప్పాలి. పనివాడు ప్రశ్న అడిగితే ఆగి వినాలి. తప్పు మనదైతే ఆ రోజే ఒప్పుకోవాలి. నేను రెండు రోజులు ఆలస్యం చేశాను. లింగయ్య చెయ్యి పోయింది ఆ రెండు రోజుల్లోనే.